బోటులో సోడా చల్లబడాలి, ఇంజనూ స్టార్ట్ అవ్వాలి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. నేను విజయవాడ భవానీపురంలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసుకునే మెకానిక్‌ని. కృష్ణలో తిరిగే బోట్ల గురించి మీకు రాసేవాళ్లు టికెట్ ధర గురించో లైఫ్ జాకెట్ల గురించో రాస్తారు. నేను మాత్రం బోటులో ఓ మూలన కూర్చునే ఫ్రిజ్ గురించి రాస్తున్నాను. చదివి నవ్వుకున్నా ఫర్వాలేదు, చివరిదాకా చదవండి చాలు.

పోయిన మే నెలలో ఒక సాయంత్రం, భవానీ ద్వీపం నుంచి జనాన్ని ఎక్కించుకుని వస్తున్న ఒక ప్రైవేటు బోటు నది మధ్యలో ఆగింది. పొద్దు గుంకుతుంటే ఫొటోలు తీసుకుంటామని అడిగారట, సరంగు ఇంజన్ ఆపాడు. మళ్లీ సెల్ఫ్ కొడితే తిరగలేదు. ఆ కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. "బాబాయ్, టక్ టక్ అంటోంది తప్ప తీసుకోవట్లేదు. ఫ్రిజ్ మాత్రం గుర్రుమని ఆడుతోంది" అన్నాడు. నాకు జబ్బు ఎక్కడుందో ఆ రెండో మాటలోనే తెలిసిపోయింది. ఇంకో బోటు వచ్చి తాడు కట్టి లాక్కెళ్లింది. ఎండాకాలం కాబట్టి నీళ్లు నిలకడగా ఉన్నాయి, ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లలైతే దాన్నీ షికారులో భాగమే అనుకున్నారు.

వరద రోజుల్లో బోట్లు ఆపేస్తారు, నిజమే. కానీ ఈ బోట్లు తిరిగే నీళ్లకు కింది హద్దు ప్రకాశం బ్యారేజీ. 2024 సెప్టెంబరులో వరదకు కొట్టుకొచ్చిన ఖాళీ బోట్లు బ్యారేజీ గేట్లను ఢీకొట్టి కౌంటర్ వెయిట్లను (గేట్ల బరువుకు సాటిగా ఉండే దిమ్మెలను) దెబ్బతీయడం ఈ ఊరంతా చూసింది. ఇంజన్ పలకని బోటు అంటే మా ఊళ్లో ఎవరికైనా ముందు ఆ దృశ్యమే గుర్తొస్తుంది.

మర్నాడు వెళ్లి చూశాను. ఇంట్లో వాడే సింగిల్ డోర్ ఫ్రిజ్. దానికో ఇన్వర్టర్, బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చేది. ఆ ఇన్వర్టర్‌ను తీసుకెళ్లి ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీకే తగిలించారు. చల్లదనం పెంచే మీట చివరి అంకె మీద ఉంది, డోర్ రబ్బరు ఒక పక్క చిరిగింది, నీళ్ల సీసా కోసం నిమిషానికొకసారి తలుపు తెరుస్తున్నారు. ఆ ఎండకు కంప్రెసర్ కట్ఆఫ్ అవ్వడమే మానేసింది. అలాంటి ఫ్రిజ్ ఇన్వర్టర్ నష్టాలతో కలిపి బ్యాటరీ నుంచి సుమారు 10 ఆంపియర్లు లాగుతుంది. ద్వీపం దగ్గరా రేవు దగ్గరా కలిపి రోజులో ఐదు గంటలు ఇంజన్ ఆపి ఉంటే 50 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, బ్యాటరీలో దాచిన కరెంటుకు కొలత) పోయినట్టు. 100 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. పైగా పది పదిహేను నిమిషాల ట్రిప్పులతో అది మళ్లీ పూర్తిగా ఎక్కదు. ఇలా రోజూ కొంచెం కొంచెం దిగుతూ వచ్చి, ఆ సాయంత్రానికి చేతులెత్తేసింది.

అప్పటిదాకా ఓనరుగారు దీనికి కనిపెట్టిన మందు ఏమిటంటే, రేవులో కట్టేసి ఉన్నప్పుడు కూడా ఇంజన్ ఆడిస్తూ కూర్చోవడం. సోడాలు చల్లబరచడానికి డీజిల్ ఇంజన్! పక్కన మెట్ల మీద స్నానాలు చేసేవాళ్లకు ఆ పొగ. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే.

ఇంటి ఫ్రిజ్ తీసేయించి, నేరుగా 12 వోల్టుల మీద నడిచే కంప్రెసర్ ఉన్న పెట్టె బిగించాం. పైకి తెరుచుకునే మూత, చుట్టూ మందంగా పఫ్, అంటే వేడిని లోపలికి రానివ్వని నురుగు పొర. పైమూత ఎందుకంటే చల్లగాలి బరువైనది, పక్క తలుపు తెరవగానే కాళ్ల మీద పడి పోతుంది. పైమూత తీస్తే అడుగునే ఉండిపోతుంది. ఈ కంప్రెసర్ వేగాన్ని బట్టి 3 నుంచి 5 ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. దానికి పెట్టిన థర్మోస్టాట్ (చల్లదనం చూసి కంప్రెసర్‌ను నడిపే, ఆపే పరికరం) గురించి చెప్పడానికే ఈ ఉత్తరం.

మామూలు థర్మోస్టాట్‌కు చలి ఒక్కటే తెలుసు. ఈ కరెంటు ఆదా థర్మోస్టాట్ చలితో పాటు బ్యాటరీ వోల్టేజీని కూడా చూస్తుంది. ఇంజన్ ఆడుతుంటే ఆల్టర్నేటర్ బ్యాటరీకి ఛార్జింగ్ ఇస్తుంది కాబట్టి వోల్టేజీ 14 దగ్గరికి వెళుతుంది. ఇంజన్ ఆపి కాసేపైతే 12.7కో, అంతకంటే కిందికో దిగుతుంది. వోల్టేజీ పైన ఉన్నప్పుడు ఇది కంప్రెసర్‌ను వేగంగా తిప్పి, సరుకును 2 డిగ్రీల దాకా చల్లబరుస్తుంది. వోల్టేజీ పడిపోగానే తన లక్ష్యాన్ని 7 డిగ్రీలకు పెంచేసుకుని, కంప్రెసర్‌ను ఆపేస్తుంది లేదా నెమ్మదిగా తిప్పుతుంది. కరెంటు కోతల కాలంలో మన ఇళ్లలో ఏం చేసేవాళ్లం? కరెంటు ఉన్నప్పుడే మోటారు వేసి ట్యాంకు నింపుకునేవాళ్లం. ఇదీ అంతే, ట్యాంకులో నీళ్లకు బదులు చల్లదనం.

ఆ చల్లదనం ఎంతసేపు నిలుస్తుందో లెక్క కట్టి చూశాను. పెట్టెలో 40 లీటర్ల నీళ్ల సీసాలు ఉన్నాయనుకోండి. అవి 2 నుంచి 7 డిగ్రీలకు రావాలంటే దాదాపు 230 వాట్-అవర్ల వేడి లోపలికి పోవాలి. మంచి పఫ్ ఉన్న పెట్టెలోకి గంటకు 30 వాట్-అవర్లు దూరతాయనుకుంటే ఏడు గంటల పైమాటే. మూత తెరవడాలూ కొత్త సీసాలూ పోగా అందులో సగమే మిగిలినా ఇంజన్ ఆపుకుని కూర్చోవడానికి చాలు. ఇక నీళ్లను గడ్డ కట్టించి ఉంచగలిగితే లెక్కే మారిపోతుంది: కిలో మంచు కరగడానికి పట్టే వేడితో 80 కిలోల నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించవచ్చు. చిన్నప్పుడు మా వీధి సోడా బండివాడు ఊకలో, గోనెపట్టాలో చుట్టిన ఐసుగడ్డతో సాయంత్రం దాకా నెట్టుకొచ్చేవాడు. అతని దగ్గర థర్మోస్టాట్ లేదు కానీ ఇన్సులేషన్ విలువ తెలుసు.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి. బిగించిన మొదటి వారం ఏ ఆదా కనిపించలేదు. ఇంజన్ ఆడుతున్నా కంప్రెసర్ వేగం అందుకోవట్లేదు. సెన్సర్ మార్చాను, థర్మోస్టాట్ కంపెనీని తిట్టుకున్నాను. చివరికి మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు, ఫ్రిజ్ దగ్గర 12.6! బ్యాటరీకీ ఫ్రిజ్‌కూ మధ్య 8 మీటర్లు. బోటులో ముందే లాగి ఉన్న వన్ స్క్వేర్ (ఒక చదరపు మిల్లీమీటరు లావున్న సన్న) వైరే కదా అని దానికే కలిపేశాను. పోనూ రానూ 16 మీటర్లలో, 5 ఆంపియర్లకు, 1.4 వోల్టులు ఆ వైరే మింగేస్తోంది. పాపం థర్మోస్టాట్‌కు ఇంజన్ ఆగిపోయినట్టే కనిపిస్తోంది. సిక్స్ స్క్వేర్ వైరు వేశాక నష్టం పావు వోల్టుకు తగ్గింది, యంత్రం దారికొచ్చింది. ఇరవై ఏళ్లుగా 230 వోల్టుల మీద పనిచేసిన చెయ్యి నాది, 12 వోల్టుల దగ్గర వైరు లావు ఎంత ముఖ్యమో అనుభవం మీద గానీ తెలిసిరాలేదు. ఇంకో తప్పు, సెన్సర్‌ను చల్లటి ప్లేటుకు మరీ దూరంగా పెట్టడం. ప్లేటు పక్కనున్న సోడా సీసాలు రెండు గడ్డకట్టి పగిలాయి.

అన్నిటికీ ఇదే మందు అనను. ఐస్‌క్రీమ్‌కు మైనస్ 18 డిగ్రీలు కావాలి, దాన్ని ఈ పెట్టెలో పెట్టకూడదు. పాలు 5 డిగ్రీలు దాటి గంటలకొద్దీ ఉండకూడదు కాబట్టి టీ కోసం పాల ప్యాకెట్లు పెట్టేవాళ్లు ఆ పై హద్దును 7 నుంచి 4కు దించుకోవాలి. అప్పుడు ఆదా తగ్గుతుంది, తగ్గనివ్వండి. నీళ్లు, సోడాలు, కూల్‌డ్రింకులకు మాత్రం ఇది సరిగ్గా సరిపోతుంది. బోటుల్లో ఎక్కువగా అమ్మేవీ అవే.

అయ్యా, ఆ బోటుకు తనిఖీ జరిగిన రోజున నేనూ అక్కడే ఉన్నాను. జాకెట్లు లెక్కపెట్టారు, మంటలార్పే సిలిండర్ మీద తేదీ చూశారు. ఫ్రిజ్ వైపు చూడలేదు. వాళ్లను తప్పుపట్టడం లేదు, వాళ్ల కాగితంలో ఆ గడి లేదు. బోట్ల సర్వే, రిజిస్ట్రేషన్ 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం కిందికి వస్తాయి, అది మీ ఒక్క శాఖ పని కాదని తెలుసు. కానీ టూరిస్టులను ఎక్కించుకునే బోటుకు మీ శాఖ మాట చెల్లుతుంది. నేను కోరేది ఆ కాగితంలో రెండు మూడు గడులు.

అన్నిటికంటే ముందు, ఫ్రిజ్‌ను ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీకి కలపకూడదు. దానికి వేరే బ్యాటరీ ఉండాలి, ఇంజన్ ఆడుతున్నప్పుడు మాత్రమే రెండూ కలిసి ఛార్జ్ అయ్యేలా మధ్యలో ఒక రిలే (తనంతట తానే కలిపి, విడదీసే స్విచ్) ఉండాలి. ఈ ఒక్కటి జరిగినా ఆ సాయంత్రం లాంటిది మళ్లీ రాదు, మిగతావి కాదన్నా సర్దుకుంటాను. తర్వాత, వోల్టేజీ బాగా పడిపోతే ఫ్రిజ్ తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు, బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు, దూరానికి తగ్గ వైరు. ప్రభుత్వం కొత్తగా కొనే బోట్ల టెండరులో ఫ్రిజ్ అని ఊరికే రాయకుండా, ఇంజన్ ఆడే వేళ చల్లదనం దాచుకునే థర్మోస్టాట్ ఉండాలని ఒక వాక్యం చేర్చండి. పైకప్పు మీద సోలార్ పలక ఉన్న బోట్లకు ఇది ఇంకా లాభం. మధ్యాహ్నం ఎండకు వోల్టేజీ పెరిగితే దానికి ఇంజన్ ఆడుతున్నట్టే లెక్క, ఎండతోనే చల్లబరుస్తుంది. సోలార్ లాంటి కరెంటు పనులు చూసే రాష్ట్ర సంస్థ నెడ్‌క్యాప్ వాళ్లను కూడా ఒక మాట అడిగి చూడండి.

ఇది నేర్పడానికి పెద్ద కోర్సులు అక్కర్లేదు. ఐటీఐలో ఆర్ఏసీ (ఫ్రిజ్‌లు, ఏసీల) ట్రేడు చదివే పిల్లలకు ఒక రోజు చాలు. ఆ రోజు నా మీటరు, నేను పీకేసిన వన్ స్క్వేర్ వైరు పట్టుకుని నేనే వస్తాను, డబ్బులేమీ వద్దు. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. అప్పుడు ఈ ఘాట్ల దగ్గర ఎన్ని బోట్లు తిరుగుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు మొదలుపెడితే అప్పటికి అందుతుంది.

ఆ బోటు ఇప్పటికీ తిరుగుతోంది. మీరు విజయవాడ వచ్చినప్పుడు ఒకసారి ఎక్కండి. రేవులో ఇంజన్ ఆపి ఉండగానే పెట్టె మూత తీసి థర్మామీటరు చూపిస్తాను, తర్వాత మా సరంగు చేత సెల్ఫ్ కొట్టిస్తాను.

ఇట్లు,
భవానీపురం ఫ్రిజ్ మెకానిక్,
విజయవాడ