ఎడమ కాలు గురించి

చిన్నా,

తలుపేసుకుని పడుకున్నావని లేపలేదు. ఈ ఉత్తరం నీ బూట్లలో పెడుతున్నాను. వాటి బురద నేను కడగను, అది నీ పనే.

నీకు పరుగు చాలదని సెలెక్షన్ లిస్టులోంచి తీసేశారట. నాన్నా, నువ్వు స్లో అన్నది నిజమే. అమ్మనైనా నాకూ కళ్లున్నాయి కదా.

మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో మీ ఈ ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ నాకు కొట్లాటలా ఉండేది. జట్టుకు పద్దెనిమిది మంది, కోడిగుడ్డులాంటి బంతి, ఎవరెటు పోతున్నారో తెలిసేది కాదు. మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్ ఏం చేస్తాడో తెలిసింది నీతో కూర్చుని, హాథార్న్ క్లబ్‌కు ఆడిన సామ్ మిచెల్ పాత మ్యాచ్‌లు చూశాకే. అందరూ బంతి మీదికి దూకుతుంటే, అది ఎటు జారి వస్తుందో అక్కడ ముందే వంగి ఉండేవాడు. రద్దీ బస్సులో ఏ సీటు ఖాళీ అవుతుందో కనిపెట్టే మీ అమ్మమ్మలాగా!

అతన్నీ స్లో అనే అన్నారు. క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2000లో అతన్ని ఏ క్లబ్బూ తీసుకోలేదు. మరుసటి ఏడాది బాక్స్ హిల్ అనే చిన్న క్లబ్‌కు ఆడాక, హాథార్న్ 36వ పిక్‌లో, అంటే 36వ ఎంపికగా, తీసుకుంది. 2008లో ఆ జట్టుకే కెప్టెన్‌గా కప్పు ఎత్తాడు. 2013, 2014, 2015లో ఆ జట్టులో ఆటగాడిగా వరసగా మరో మూడు గెలిచాడు. లీగ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే ‘బ్రౌన్‌లో’ అనే మెడల్, 2012ది, 2016లో గానీ చేతికి రాలేదు, అదో పెద్ద కథ.

నేను చెప్పాలనుకున్నది వేరే. అతను ఏ కాలితో తంతాడో ఎదుటివాళ్లకు అంతుపట్టేది కాదు. రెండు కాళ్లూ ఒకటే. కాలు మార్చుకోవడానికి చుట్టూ తిరగక్కర్లేదు కాబట్టి, పరుగులో పోయిన టైం అక్కడ కలిసొచ్చేది. నువ్వేమో బంతి ఎడమవైపు దొరికినా గుండ్రంగా తిరిగి కుడికాలికి తెచ్చుకుంటావు. ఈలోగా ఎవడో ఒకడు వచ్చి పడేస్తాడు. శనివారం మ్యాచ్‌లో మూడుసార్లు అలాగే జరిగింది, లెక్కపెట్టాను.

ఇంకోటి. 2016లో క్లబ్ బెస్ట్ ప్లేయర్ అవార్డు గెలిచాక కూడా, ఆ ఏడాదే అతన్ని పెర్త్‌లోని వెస్ట్ కోస్ట్ క్లబ్‌కు పంపేశారు. అన్నేళ్లు ఆడినవాడికే అలా అయింది. అందుకే మ్యాథ్స్ ట్యూషన్ మానేస్తానంటే ఒప్పుకోను. మొహం ముడుచుకున్నా సరే.

రేపు సాయంత్రం నాకు డ్యూటీ లేదు. గ్రౌండ్‌కి వస్తాను, బంతులు నేను ఏరి ఇస్తాను. ఎడమ కాలితోనే తన్నాలి.

ఫ్రిజ్‌లో పులిహోర ఉంది, రాత్రి మెలకువ వస్తే తినే పడుకో.

అమ్మ