లైబ్రరీ కబుర్లకూ కాస్త చోటివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

విశ్వవిద్యాలయ గ్రంథాలయం పేరు పత్రికలో కనబడేది కొత్త భవనానికి రిబ్బన్ కత్తిరించినప్పుడో, పుస్తకాలకు చెదలు పట్టినప్పుడో. ఆ రెండూ రాయవలసినవే. కానీ లోపల రోజూ పుట్టే వార్తలు వేరే ఉన్నాయి. ఫలానా డేటాబేస్ ఈ నెలంతా ఉచితంగా తెరిచి ఉంటుంది. ఇంటి నుంచి జర్నల్స్, అంటే పరిశోధన పత్రికలు, చదవడానికి లాగిన్ పద్ధతి మారింది. పరీక్షలు అయ్యేదాకా రీడింగ్ హాలు బాగా పొద్దుపోయేవరకూ తెరిచి ఉంటుంది. ఎందరో తమ థీసిస్‌లలో ఉదహరించిన ఒక వ్యాసాన్ని, అది నమ్మదగింది కాదని తేలి, ప్రచురించిన జర్నలే వెనక్కి తీసుకుంది. నా ఉద్యోగ జీవితమంతా ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, పాఠకుల ప్రశ్నలకు జవాబిచ్చే రిఫరెన్స్ డెస్క్ దగ్గరే గడిచింది. ఇలాంటి కబుర్లు చేరాల్సిన వాళ్లకు చేరక ఎంత నష్టం జరుగుతుందో దగ్గరుండి చూశాను. అందుకే ఈ కబుర్లకు మీ పత్రికలో కాస్త చోటివ్వమని అడుగుదామని రాస్తున్నాను.

ముందు ఒక నోటీసు సంగతి చెబుతాను. మెట్ల పక్కన అద్దాల బోర్డులో ఇలా అంటించి ఉండేది: ‘ట్రయల్ యాక్సెస్ టు ఫుల్‌టెక్స్ట్ ఈ-రిసోర్సెస్ ఈజ్ ఎనేబుల్డ్ ఆన్ క్యాంపస్ ఐపీ రేంజ్. యూజర్స్ ఆర్ రిక్వెస్టెడ్ టు అవెయిల్ ద ఫెసిలిటీ.’ కింద సంతకం, స్టాంపు. పిల్లలు దాని ముందు నుంచే నడిచి వెళ్లేవారు, ఒక్కరూ ఆగేవారు కాదు. ఆగి చదివినా అందులో తమకు పనికొచ్చేది ఏముందో తెలిసేది కాదు. అదే కబురు ఇలా రాయవచ్చు: ‘ఎకనామిక్స్, సోషియాలజీ చదువుతున్న వాళ్లకు: ఈ జర్నల్స్‌లోని వ్యాసాలు పాత సంచికలతో సహా నెలాఖరు దాకా ఉచితంగా చదువుకోవచ్చు. క్యాంపస్ వైఫైలో ఉంటే పాస్‌వర్డ్ అక్కర్లేదు. మీకు పనికొచ్చిందో లేదో మాకు రెండు ముక్కలు రాయండి. చందా కట్టాలా వద్దా అన్నది మీ మాట మీద ఆధారపడి ఉంటుంది.’

ఆ చివరి వాక్యం మర్యాద కోసం రాసేది కాదు. ఎలక్ట్రానిక్ జర్నల్‌ను ఎంతమంది తెరిచారు, ఎన్ని వ్యాసాలు దించుకున్నారు అన్న లెక్క ప్రచురణకర్తలు గ్రంథాలయానికి పంపుతారు. ఏ కంపెనీ లెక్కైనా ఒకే పద్ధతిలో ఉండాలని 2003 నుంచి కౌంటర్ అనే ప్రమాణం అమల్లో ఉంది. చందా లేక తలుపు దగ్గరే వెనక్కి వెళ్లిన ప్రయత్నాలు కూడా అందులో నమోదవుతాయి. ఏడాది చివర బడ్జెట్ సరిపోనప్పుడు కమిటీ ముందుకు వచ్చేవి ఈ కాగితాలే. వాడకం తక్కువగా కనబడిన జర్నల్ మీదే ముందుగా కత్తెర పడుతుంది. స్నేహితుడి దగ్గర పీడీఎఫ్ తీసుకుని చదివిన విద్యార్థి ఆ లెక్కలో ఉండడు. బోర్డు మీది నోటీసు అర్థంకాక అసలు తెరవని విద్యార్థీ ఉండడు. ‘ఎవరూ వాడటం లేదు కదా’ అని చందా ఆపేస్తారు. మరుసటి ఏడాది అదే జర్నల్ కోసం డెస్క్ దగ్గరికి మనుషులు వస్తారు.

అచ్చు జర్నల్‌కు చందా ఆగిపోతే అప్పటిదాకా వచ్చిన సంచికలు బైండు చేసి అరల్లో ఉంటాయి, వాటినెవరూ పట్టుకుపోరు. ఎలక్ట్రానిక్ జర్నల్ విషయం అలా కాదు. చందా కట్టిన ఏళ్ల సంచికలు ఎప్పటికీ చదువుకునే హక్కు ఒప్పందంలో రాయించుకుంటే సరే. లేకపోతే చందాతో పాటే పాత సంచికలూ చేజారతాయి. అద్దె ఇల్లు ఖాళీ చేసినట్టే అది. ఈ తేడా విద్యార్థులకు సరే, చాలామంది అధ్యాపకులకు కూడా తెలియదు.

ఒక పరిశోధక విద్యార్థిని గుర్తొస్తోంది. వ్యాసం ప్రింటు తీసుకుని మరో దానికోసం అడగడానికి వచ్చింది. ఆ మొదటి వ్యాసాన్ని సొంత డబ్బు పెట్టి ప్రచురణకర్త సైట్లో కొనుక్కుందని మాటల్లో తెలిసింది. ఆ జర్నల్‌కు మా గ్రంథాలయం ఏళ్లుగా చందా కడుతోంది. ఆమె ఫోన్లోనే లైబ్రరీ రిమోట్ లాగిన్ తెరిచి, అదే వ్యాసం పేరు కొట్టి చూపించాను. ‘కొనండి’ అన్న బటన్ ఉండే చోట ‘పీడీఎఫ్’ అని వచ్చింది. కాసేపు అలాగే చూసి, ‘మాకీ సంగతి ఎవరూ చెప్పలేదు మేడమ్’ అంది. నిజమే. మొదటి సంవత్సరం ఓరియెంటేషన్‌లో, వంద సంగతుల మధ్య ఒకటిగా, ఆమెకు ఇంకా అవసరమే లేని రోజున చెప్పి ఉంటారు. అవసరం పడే రోజుకు అది ఎవరికి గుర్తుంటుంది? ప్రచురణకర్త సైట్‌కు మనం క్యాంపస్‌లో ఉన్నామా, ఊళ్లో ఉన్నామా అన్నది ఐపీ అడ్రసును, అంటే మన ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే నంబరును, బట్టే తెలుస్తుంది. క్యాంపస్ గేటు దాటితే మనం వాళ్లకు బయటివాళ్లం. లైబ్రరీ లాగిన్ ద్వారా వెళితేనే మళ్లీ లోపలివాళ్లమవుతాం. ఇంత చిన్న విషయాన్ని ప్రతి సెమిస్టర్‌లోనూ, థీసిస్ పని ఊపందుకునే వేళ చూసి మళ్లీ మళ్లీ చెప్పాలి.

విశ్వవిద్యాలయం తన విద్యార్థులకు తానే ఈమెయిల్ పంపుకోవచ్చు కదా, పత్రిక ఎందుకు అని మీరు అడగవచ్చు. పంపుతూనే ఉంటారు. కానీ గ్రంథాలయానికి సంబంధించిన వాళ్లందరికీ ఆ మెయిల్ వెళ్లదు. జర్నల్ ఒప్పందాల్లో చాలావాటిలో ‘వాకిన్ యూజర్లు’ అనే నిబంధన ఉంటుంది. అంటే గ్రంథాలయం అనుమతిస్తే, విశ్వవిద్యాలయంతో ఏ సంబంధమూ లేని మనిషి కూడా లోపలికి వచ్చి అక్కడి కంప్యూటర్ మీద ఆ జర్నల్స్ చదువుకోవచ్చు. చదువు ముగించి వెళ్లిపోయిన పాత విద్యార్థులు, బడి టీచర్లు, లాయర్లు, సొంతంగా చరిత్ర పరిశోధన చేసుకునేవాళ్లు, ఇంట్లో ఎవరికో అరుదైన జబ్బు వచ్చి దాని గురించి నమ్మకమైన వ్యాసం చదవాలనుకునేవాళ్లు, వీళ్లెవరికీ క్యాంపస్ ఈమెయిల్ ఉండదు. వీళ్లు చదివేది మీ పత్రిక. ప్రవేశ నియమాలు గ్రంథాలయానికీ గ్రంథాలయానికీ మారతాయి కాబట్టి, ఎవరు రావచ్చు, ఏ గుర్తింపు కార్డు తేవాలి, ఏ వేళల్లో రావాలి అన్నది అచ్చులో కనబడితే వాళ్లకు ఎంత మేలో ఆలోచించండి.

చూపు లేని విద్యార్థుల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. అచ్చు పుస్తకం చదవలేని వాళ్లకోసం దాన్ని ఆడియోగానో, తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ చదవగలిగే ఫైలుగానో, బ్రెయిలీగానో తయారు చేయడానికి కాపీరైటు అడ్డు కాకూడదన్నది 2013 నాటి మర్రకేష్ అంతర్జాతీయ ఒప్పందం. 2016 నుంచి అది అమల్లో ఉంది. దాన్ని చట్టంలో చేర్చుకున్న దేశాల్లో గ్రంథాలయం రచయిత అనుమతి కోసం ఎదురుచూడకుండానే ఆ పని చేయవచ్చు. ఫలానా పాఠ్యపుస్తకం కావాలని ఆ విద్యార్థి ముందుగా అడగాలి, అంతే. అడగవచ్చని తెలిస్తేనే కదా అడిగేది! పేజీలు స్కాన్ చేసి, అక్షర దోషాలు సరిచూసి, ఫైలు సిద్ధం చేయడానికి వారాలు పడుతుంది. చివరి సెమిస్టర్‌లో తెలిసి పరుగెత్తుకొస్తే అప్పటికి పరీక్షలు దగ్గర పడతాయి.

కార్యక్రమాల విషయానికొస్తే, పత్రికలకు ఫొటోతో సహా చేరేది పెద్ద సభ. సగం పూట ఉపన్యాసాలతో గడిచిపోతుంది, వార్త మర్నాడు వస్తుంది, అప్పటికి ఎవరూ హాజరయ్యే వీలుండదు. నేను చూసినంతలో మనుషుల పనితీరును మార్చినవి మాత్రం గంటసేపటి చిన్న శిక్షణలే. జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది, 2006లో వచ్చింది. ఉదహరించిన పుస్తకాల, వ్యాసాల వివరాలను దాచి, థీసిస్ చివర ఇవ్వాల్సిన వాటి సూచికను మన తరఫున తయారు చేసిపెడుతుంది. వ్యాసం డీఓఐ నంబరు (ప్రతి వ్యాసానికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) అందులో అతికించగానే రచయిత పేరు, శీర్షిక, సంవత్సరం, సంపుటి, పేజీలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. సూచిక రాయడానికి ఏపీఏ, షికాగో అని వేర్వేరు పద్ధతులున్నాయి. ఆ తర్వాత ఏపీఏ పద్ధతిలో ఉన్నదాన్ని ఒక్క నొక్కుతో షికాగో పద్ధతిలోకి మార్చి చూపిస్తే గదిలో ఉన్నవాళ్లంతా కుర్చీల్లో ముందుకు జరుగుతారు. కామాలు, చుక్కలు, ఇటాలిక్స్ సరిచేసుకుంటూ రాత్రుళ్లు గడిపిన వాళ్లకే దాని విలువ తెలుస్తుంది. ఎవరి అధ్యాయం వాళ్లు ల్యాప్‌టాప్‌లో తెచ్చుకుంటే అక్కడికక్కడే సగం పని అయిపోతుంది. అలాంటి శిక్షణకు కబురు వారం ముందు అందాలి. ల్యాప్‌టాప్ తెచ్చుకోండి, మీ థీసిస్ ఫైలు తెచ్చుకోండి అన్న మాట కూడా అందులో ఉండాలి.

వెనక్కి తీసుకున్న వ్యాసాల గురించి ఇందాక ప్రస్తావించాను. తట్టు, గవద బిళ్లలు, రుబెల్లా టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన వ్యాసం లాన్సెట్‌లో 1998లో వచ్చింది. దాన్ని లాన్సెట్ పూర్తిగా ఉపసంహరించుకున్నది 2010లో. మధ్యలో ఆ పన్నెండేళ్లూ అది చలామణి అవుతూనే ఉంది, తర్వాత కూడా దాన్ని ఉదహరించినవాళ్లు ఉన్నారు. ఇలా రద్దయిన వ్యాసాల జాబితాను రిట్రాక్షన్ వాచ్ అనే సంస్థ సేకరిస్తూ వచ్చింది. 2023లో, డీఓఐ నంబర్లు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ దాన్ని తీసుకుని అందరికీ తెరిచింది. పైన చెప్పిన జొటెరోలో కూడా, మనం దాచుకున్న వ్యాసం రద్దయితే హెచ్చరిక కనబడుతుంది. ఏ విభాగం వాళ్లు ఎక్కువగా వాడే వ్యాసాలు రద్దయ్యాయో గ్రంథాలయం నెలకోసారి చెబితే ఎన్ని థీసిస్‌లు పదిలంగా ఉంటాయో! మూడు రోజుల్లో ప్రచురిస్తాం, డబ్బు పంపండి అంటూ మెయిళ్లు పంపే నకిలీ జర్నల్స్ విషయంలోనూ అంతే. ఓపెన్ యాక్సెస్ జర్నల్, అంటే ఎవరైనా ఉచితంగా చదువుకోగల జర్నల్, నమ్మదగినదేనా అన్నది అలాంటి జర్నల్స్‌ను పరిశీలించి చేర్చుకునే డీఓఏజే జాబితాలో వెతికితే చాలావరకు తేలుతుంది. 2003 నుంచీ ఉన్న ఆ జాబితా పేరే వినని పరిశోధకులు ఎందరో నాకు తారసపడ్డారు.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో అయిదు సూత్రాలు చెప్పారు. ‘ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు’ అన్నది మూడోది, ‘పాఠకుడి కాలాన్ని ఆదా చేయి’ అన్నది నాలుగోది. మూడో సూత్రాన్ని వివరించేటప్పుడే ఆయన ప్రచారం అవసరం గురించి కూడా రాశారు. పుస్తకం కొని, నంబరు వేసి, అరలో పెట్టేస్తే పని అయిపోదని ఆయనకు అప్పుడే తెలుసు. కబురు చేర్చడం గ్రంథపాలకుల పనిలో భాగమేనని ఇప్పటికీ చాలాచోట్ల ఎవరి విధుల జాబితాలోనూ ఉండదు. టైము దొరికినవాళ్లు చేస్తారు, లేకపోతే లేదు. ఈ ఉత్తరం చదివే గ్రంథాలయ అధికారులెవరైనా ఉంటే వాళ్లకు నా విన్నపం: ఆ పని ఒకరికి పేరుపెట్టి అప్పగించండి.

ఇక మీ పత్రికకూ మా గ్రంథాలయాలకూ ఉన్న సంబంధం ఒకటి చెప్పాలి. పత్రికలు అచ్చయ్యే కాగితం కలప గుజ్జుతో చేసింది. అందులోని లిగ్నిన్ అనే కలప పదార్థం వల్ల వెలుతురు తగిలితే పసుపెక్కుతుంది, కొన్నేళ్లకు మడత దగ్గర పెళుసుబారి ముక్కలవుతుంది. అందుకే గ్రంథాలయాలు పాత పత్రికలను మైక్రోఫిల్మ్ మీదికి, అంటే పేజీలను బాగా చిన్నవి చేసి ఫొటో తీసిన ఫిల్ము మీదికి, ఎక్కించాయి. పాలిస్టర్ ఫిల్మును చల్లగా, తేమ తగలకుండా ఉంచితే అయిదు వందల ఏళ్లు ఉంటుందని అంచనా. అంతకుముందు వాడిన ఎసిటేట్ ఫిల్ము అలా నిలవదు. డబ్బా మూత తీయగానే ఘాటుగా వెనిగర్ వాసన వస్తే లోపల ఫిల్ము కుళ్లడం మొదలైందన్నమాట. ఆ వాసన వచ్చిన డబ్బాను మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయాలి, లేదంటే పక్కవాటికీ సోకుతుంది. ఆ రీళ్లను తిప్పుతూ, తెర మీద పాత సంచికలు చూస్తూ, ఎప్పటిదో ఎన్నికల వార్త కోసమో, పడవ ప్రమాదం వార్త కోసమో రోజంతా కూర్చునే పరిశోధకులు ఉంటారు. రేపటి పరిశోధకులకు నేటి పత్రికలను దాచేది ఇలాంటి గదులే. ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఏ పత్రిక రీళ్లు ఉన్నాయన్నది కూడా బయటివాళ్లకు తెలియదు. అదీ ఒక వార్తే.

నేను అడిగేది పెద్ద పేజీ కాదు. విద్యా వార్తల పక్కన వారానికొకసారి ఆరేడు పంక్తుల చోటు చాలు. ఏ గ్రంథాలయం, ఏం అందుబాటులోకి వచ్చింది, ఎవరికి, ఎప్పటిదాకా, ఎలా చేరుకోవాలి, అంతే. అధికారుల పేర్లు అక్కర్లేదు, ఫొటో అక్కర్లేదు. జరిగిపోయినదాని గురించి కాక జరగబోయేదాని గురించే ఉండాలన్న ఒక్క నియమం మాత్రం పెట్టండి. గడువు దాటాక వచ్చిన ప్రకటనను నిర్మొహమాటంగా పక్కన పెట్టండి, ఒకట్రెండు సార్లు అలా జరిగితే వాళ్లే సమయానికి పంపుతారు. గ్రంథాలయాలు పంపే నోటీసులు మొదట్లో పైన చూపించిన బోర్డు భాషలోనే వస్తాయి. వాటిని మామూలు తెలుగులోకి తిరగరాసి మీకు అందించే పని, అలవాటయ్యేదాకా, జీతం లేకుండా నేను చేసిపెడతాను. శీర్షికకు మీరు ఏ పేరు పెట్టినా సరే, ఏ రోజు వేసినా సరే, ప్రతి వారం అదే రోజు, అదే పేజీలో ఉండేలా చూడండి.

ఇట్లు,
విశ్వవిద్యాలయ గ్రంథాలయ విశ్రాంత ఉద్యోగిని