పులస ముక్కది కాదు తప్పు

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ పత్రికలో లివర్ జబ్బుల మీద వచ్చిన వ్యాసం చదివాను. హెపటైటిస్ సి వచ్చినవాళ్లలో నియమం తప్పినవాళ్లకే మందులు పనిచేయవని అందులో ఒక వాక్యం ఉంది. పదేళ్ల కిందట మా వీధంతా నన్ను ఇదే మాట అంది. అందుకే ఈ ఉత్తరం.

2011 జూన్‌లో నేనూ, మా బావగారూ ఒకే వారం వైద్యం మొదలెట్టాం. ఇద్దరిదీ ఒకే ఊరు, ఇద్దరికీ ఒకటో రకం వైరస్. మా చిన్నప్పుడు ఊళ్లో ఆర్‌ఎంపీ గారు గాజు సిరంజిని స్టవ్ మీద ఒక్క పొంగు రానిచ్చి, అదే సూదితో వరసగా అందరికీ పొడిచేవారు. అక్కడే అంటుకుందని మా అనుమానం. వారానికో ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షన్, రోజూ రైబావిరిన్ మాత్రలు, 48 వారాలు వాడాలన్నారు. పుస్తెలమ్మైనా పులస తినమంటారు మావైపు. మేం మా ఆవిడ నాంతాడు తాకట్టు పెట్టి ఇంజక్షన్లు కొన్నాం. భీమవరంలో కొని, ఐసుతో థర్మోస్‌ ఫ్లాస్కులో పెట్టుకుని, నరసాపురం రేవులో పంటు ఎక్కేవాణ్ణి. ఒళ్లో ఫ్లాస్కు చూసి పక్కనున్నాయన ఓసారి ‘ఓ గుక్క టీ మాకూ పొయ్యండి’ అన్నాడు.

సూది వేసిన రాత్రి చలిజ్వరం. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకునేవి. కొట్లో కొబ్బరికాయలు లెక్కపెడుతూ మధ్యలో అంకె మర్చిపోయేవాణ్ణి. బావగారి అవస్థా అంతే.

12 వారాలకు రక్తపరీక్ష చేస్తే బావగారికి వైరస్ కనబడలేదు. నాకు దాదాపు ఎక్కడున్నది అక్కడే ఉంది. ఇక వాడినా ఉపయోగం లేదని డాక్టరుగారు ఆపేశారు. బావగారు 48 వారాలూ పూర్తిచేసి గట్టెక్కారు.

ఇక చూడండి. మందు పనిచేయలేదంటే చాటుగా మందు కొట్టాడనే! నేను జన్మలో చుక్క ముట్టినవాణ్ణి కాను. (తాగితే లివర్ చెడుతుంది, ఆ మాట కాదనను.) పులస సంగతి మాత్రం నిజం. ఆ ఆగస్టులో గోదావరికి ఎర్రనీళ్లొచ్చాక మా అక్క పులస పులుసు పెట్టింది. నేను రెండు ముక్కలు తిన్నాను. అదే చట్టిలోంచి బావగారు నాలుగు తిన్నారు. ఆ నాలుగు ముక్కల ఊసు ఎవరూ ఎత్తరు. నా రెండు ముక్కల్ని మాత్రం మా ఆవిడ రెండేళ్లపాటు దెప్పింది.

చివరికి ముడి విప్పింది బావగారమ్మాయి. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివింది. 2014లో నా రక్తం హైదరాబాద్ ల్యాబుకి పంపింది. రిపోర్టులో ‘టిటి’ అని వచ్చింది. రైల్లో టీటీ అయితే ఫైను కట్టి బయటపడేవాణ్ణి కదే అన్నాను. నవ్వి, కూర్చోబెట్టి చెప్పింది. వైరస్ చొరబడగానే మన కణమే ఇంటర్‌ఫెరాన్ తయారుచేసి, తలుపులేసుకోండని చుట్టుపక్కల కణాలకు కబురు పెడుతుందట. మేం నాంతాడు పెట్టి కొన్నదీ ఆ కబురే, సూదిలో. అది ఒంటికి ఎంత పడుతుందో మనిషి మనిషికీ తేడా. 19వ క్రోమోజోమ్ మీద ఐఎల్28బి అనే జన్యువు దగ్గర ఒకచోట అమ్మ నుంచి ఒక డీఎన్ఏ అక్షరం, నాన్న నుంచి ఒక అక్షరం వస్తాయి. నాకు రెండూ ‘టి’, అదే టిటి. రెండూ ‘సి’ అయితే, ఒకటో రకం వైరస్‌కు ఆ వైద్యం ఫలించే అవకాశం టిటి వాళ్లకన్నా సుమారు రెండింతలు. ఇది 2009లోనే తేలింది. 2013లో ఇంకో విడ్డూరం బయటపడింది. నాలాంటివాళ్ల ఒంట్లో సాధారణంగా ఇంటర్‌ఫెరాన్ లాంబ్డా 4 అనే ప్రోటీను అదనంగా తయారవుతుందట. అది తయారుకానివాళ్లనే వైరస్ తేలిగ్గా వదులుతుందట! కత్తి ఎక్కువున్నవాడు ఓడిపోవడమేమిటో నాకిప్పటికీ కొరుకుడు పడలేదు.

అలాగని ఇది జాతకం కాదు. టిటి ఉండీ నయమైనవాళ్లున్నారు, సిసి ఉండీ కానివాళ్లున్నారు. ‘మావయ్యా, తప్పు నీ నాలికది కాదు, నీ పందొమ్మిదో క్రోమోజోముది’ అని మేనకోడలు అన్నప్పుడు మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. ఆ పూట నుంచి పులుసు మాట ఎత్తలేదు.

2016లో సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ మాత్రలు రోజుకొక్కొక్కటి చొప్పున 84 రోజులు వేసుకున్నాను. అమెరికాలో మొదట్లో సోఫోస్‌బువిర్ మాత్ర ఒక్కోటి వెయ్యి డాలర్లు. మన కంపెనీలు చేసిన జెనరిక్ కాబట్టి నాలాంటివాడికి అందింది. ఇవి వైరస్ తన నకళ్లు తీసుకునే పనికే నేరుగా అడ్డుపడతాయి కాబట్టి నా టిటి అడ్డం రాలేదు. జ్వరం లేదు, దుప్పట్లు లేవు. ఆపిన 12 వారాలకు పరీక్ష చేస్తే వైరస్ లేదు. ఆ ఏడూ పులస తిన్నాను, ఈసారి మూడు ముక్కలు.

2018 జులై 28న కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో ఈ పరీక్షలు, మందులు ఉచితం. గాజు సిరంజి కాలంలో సూదులు వేయించుకున్నవాళ్లు, పూర్వం రక్తం ఎక్కించుకున్నవాళ్లు మా లంకల్లో బోలెడుమంది. పరీక్షకు రమ్మంటే ‘నన్నూ తాగుబోతు అంటారు’ అని జంకుతున్నారు. మీ వ్యాసంలోలాంటి వాక్యం వాళ్లను ఇంకో పదేళ్లు ఇంట్లో కూర్చోబెడుతుంది. దయచేసి సవరణ వేయండి. వీలైతే మొదటి పేజీలో కాకపోయినా, ఆ వ్యాసం వచ్చిన చోటే, అదే సైజు అక్షరాల్లో.

మనవరాలికి సంబంధాలు చూస్తున్నాం కాబట్టి నా పేరు వేయొద్దని మనవి.

– ఒక కొబ్బరి వ్యాపారి,
సఖినేటిపల్లి మండలం, కోనసీమ