బార్ నిండగానే పెన్‌డ్రైవ్ పీకేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది తెనాలిలో చిన్న జిరాక్స్, డీటీపీ షాపు అండి. పొద్దున్నుంచి రాత్రి దాకా ఎవరెవరివో పెన్‌డ్రైవులు మా కంప్యూటర్లకి పెడుతూ తీస్తూ ఉంటాం, అందులో ఎజెక్ట్ కొట్టకుండా, అంటే తీస్తున్నానని కంప్యూటర్‌కి ముందు చెప్పకుండా, పెన్‌డ్రైవ్ పీకేయడం వల్ల నేను రోజూ చూస్తున్న ఒక నష్టం గురించి మీ పేపర్లో వస్తే నలుగురికీ తెలుస్తుందని రాస్తున్నాను.

మొన్నామధ్య ఒక డిగ్రీ అమ్మాయి ప్రాజెక్ట్ రిపోర్ట్ ప్రింట్ కోసం వచ్చింది, పెన్‌డ్రైవ్‌లోంచే వర్డ్‌లో ఓపెన్ చేసి చివర్లో రెండు తప్పులు దిద్దుకుని సేవ్ కొట్టి, బస్సు టైమైందని గబుక్కున పీకేసుకుని వెళ్లింది. సాయంత్రం ఏడుపు మొహంతో మళ్లీ వచ్చింది. పెడితే ఫోల్డర్ల పేర్లన్నీ పిచ్చి గుర్తులు, ఇంకోసారి పెడితే ఫార్మాట్ చేయమని అడుగుతోంది, తెల్లారితే వైవా. ఫార్మాట్ మాత్రం కొట్టొద్దమ్మా అని చెప్పి ఫోటోరెక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ పెట్టి వెతికాం. అది ఫైళ్లు లాగుతుంది గానీ పేర్లు రావు, అన్నీ ఎఫ్ అక్షరం పక్కన పెద్ద నంబరుతో వస్తాయి, వందల ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూసుకుంటూ పోతే రాత్రి ఒంటి గంటకి ఆమె రిపోర్ట్ దొరికింది, అదీ ముందు రోజు సేవ్ చేసింది. వాళ్ల నాన్నగారు అప్పటిదాకా మా షాపు బయట మెట్ల మీదే కూర్చున్నారు.

అసలు ఎందుకిలా అవుతుందంటే కంప్యూటర్ స్పీడు, పెన్‌డ్రైవ్ నిదానం. అందుకని కంప్యూటర్ ముందు తన మెమరీలో పెట్టుకుని వెనక మెల్లిగా పెన్‌డ్రైవ్‌లోకి రాస్తూ ఉంటుంది. కాపీ అవుతున్నప్పుడు స్క్రీన్ మీద మనకి కనిపించే బార్ నిండిపోయినంత మాత్రాన రాయడం అయిపోయినట్టు కాదు. మా షాపులో ఒక సిస్టమ్‌లో విండోస్ బదులు ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది, దాంట్లో ఒకరి పెళ్లి వీడియో కాపీ పెడితే బార్ నిమిషంలో అయిపోయింది, ఎజెక్ట్ కొడితే ఇంకా రాస్తున్నాను తీయొద్దు అని మెసేజ్ వచ్చింది, పెన్‌డ్రైవ్ లైటు ఇంకో ఐదారు నిమిషాలు మినుకుతూనే ఉంది. ఆ టైములో పీకేసి ఉంటే ఇంటికెళ్లి టీవీకి పెట్టాక ఫైలు పేరు కనిపిస్తుంది, ప్లే మాత్రం అవదు.

పైగా పెన్‌డ్రైవుల్లో ఫైళ్లు ఎక్కువగా ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతుల్లో సర్ది ఉంటాయి. ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పట్టిక ఒకటుంటుంది, పుస్తకానికి విషయసూచిక లాగా. అది రాస్తుండగా పెన్‌డ్రైవ్ పీకేస్తే ఇవాళ పెట్టిన ఫైలే కాదు, ఎప్పటివో పాత ఫోటోలు కూడా పోవచ్చు. ఇది చాలామందికి తెలీదు, కొత్తదేగా మళ్లీ కాపీ చేసుకుందాం అనుకుంటారు.

విండోస్‌లో ఇప్పుడు ఎజెక్ట్ అక్కర్లేదంట కదా అని కాలేజీ కుర్రాళ్లు నాతో వాదిస్తారు. వాళ్లు చెప్పేదాంట్లో నిజం ఉంది. 2018లో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ నుంచి క్విక్ రిమూవల్ అనే పద్ధతి మామూలుగానే ఆన్‌లో ఉంటుంది, మెమరీలో దాచుకోకుండా అప్పటికప్పుడు రాసేస్తుంది. కానీ రాస్తుండగా పీకితే అప్పుడు కూడా పోతుంది, పైగా మీరు కూర్చున్న కంప్యూటర్‌లో సెట్టింగ్ ఎవరు మార్చారో, అది ఏ పాత విండోసో మీకెలా తెలుస్తుంది? అందుకే నేను ఎవరి మాటా వినకుండా ప్రతిసారీ ఎజెక్ట్ కొట్టే తీస్తాను.

పెద్ద పనేం కాదండీ, విండోస్‌లో స్క్రీన్ కింద కుడి మూల గడియారం పక్కన పెన్‌డ్రైవ్ బొమ్మ ఉంటుంది, కనపడకపోతే పైకి చూపించే చిన్న బాణం నొక్కాలి, దాంట్లో ఎజెక్ట్ కొట్టి ఇక తీయొచ్చు అని వచ్చాక తీయడమే. వాడకంలో ఉంది అని మొండికేస్తే వర్డో వీడియోనో ఇంకా తెరిచే ఉందని అర్థం, మూసేసి మళ్లీ కొట్టాలి, అప్పటికీ వినకపోతే కంప్యూటర్ షట్‌డౌన్ చేసి తీయండి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ అయితే లోపల తిరిగే పళ్లెం ఉంటుంది కాబట్టి ఎజెక్ట్ అయ్యాక కూడా చెయ్యి వేసి చూసి ఆ అదురు ఆగాక కదపండి. ఫోన్‌కి ఓటీజీతో, అంటే పెన్‌డ్రైవ్ తగిలించే చిన్న వైరుతో, పెట్టినా సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌లోకి వెళ్తే ఎజెక్ట్ ఉంటుంది.

ప్రాజెక్ట్ రిపోర్టుల సీజన్‌లో అయినా మీ పేపర్ విద్య పేజీలో ఇది చిన్న బాక్స్‌గా వేయండి, కాలేజీ ల్యాబుల్లో సార్లు, మేడమ్‌లు మొదటి క్లాసులోనే పిల్లల చేత ఒకసారి చేయించమని మనవి. మా షాపులో ప్రతి మానిటర్ మీదా కాగితం అంటించాం, ఆ రాత్రి తర్వాత కస్టమర్ పెన్‌డ్రైవ్ తీసి చేతికిచ్చే పని కూడా మేమే పెట్టుకున్నాం.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని,
తెనాలి