పాత పికప్‌లకు షాక్ అబ్జార్బర్లు: ఇకనుంచి కొలతలు లేనిదే ఆర్డరు తీసుకోం

పాత పికప్ బండ్లకు షాక్ అబ్జార్బర్లు అమ్మే పద్ధతి మారుస్తున్నాం. ఇన్నాళ్లూ బండి పేరు, తయారైన సంవత్సరం చెబితే కేటలాగు చూసి జత పంపేవాళ్లం. పదిహేనేళ్లు దాటిన బండ్లకు ఇక అలా పంపం. మూడు కొలతలు, షాక్ చివర్లలో బోల్టు దూరే రింగుల వివరం, బండి మీద మామూలుగా పడే బరువు తెలిశాకే ఆర్డరు ఖాయం చేస్తాం. దీనివల్ల కొంత ఆలస్యం అవుతుంది. కొందరికి ‘మీ బండికి ముందు కావలసింది షాకులు కాదు’ అని చెప్పి డబ్బు వెనక్కి ఇవ్వాల్సి కూడా వస్తుంది.

కేటలాగులో తప్పేం లేదు. అది ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు బండి ఎలా ఉందో చెబుతుంది. ఆ తర్వాత కమాన్ కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల స్ప్రింగులు) కుంగాయి. ఎవరో ఒక పట్టీ అదనంగా వేయించారు. ఇంకెవరో యాక్సిల్ మీద దిమ్మ పెట్టి వెనక భాగం లేపారు. ఒకే పేరున్న బండిలోనే టూ వీల్ డ్రైవ్‌కు ఒక పొడవు, ఫోర్ వీల్ డ్రైవ్‌కు ఇంకో పొడవు ఉంటాయి. ఏడాది మధ్యలో షాక్ బిగించే బ్రాకెట్లు మారిన మోడళ్లు కూడా ఉన్నాయి. అందుకే తలుపు స్తంభం మీది ప్లేటులో ఉన్న తయారీ నెల కూడా అడుగుతాం. బండి కాగితాల్లోని సంవత్సరం రిజిస్ట్రేషన్‌దే కావచ్చు, దాని మీద ఆధారపడలేం.

మాకు ఎక్కువగా వచ్చే కోరిక ఇది: ‘వెనక కుంగిపోయింది, గట్టి షాకులు వేస్తే లేస్తుందా?’ లేవదు. బరువు మోసేది కమాన్ కట్ట, లేదా కాయిల్ స్ప్రింగు, లేదా టోర్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ). షాక్ పని ఊపును ఆపడమే. లెక్క వేసి చూడండి. అధిక పీడనంతో నైట్రోజన్ నింపిన మోనో ట్యూబ్ (ఒకే గొట్టం ఉండే) షాక్‌లో 25 బార్ పీడనం ఉందనుకుందాం. పిస్టన్ రాడ్ మందం 14 మి.మీ. అయితే దాని అడ్డుకోత సుమారు 1.54 చదరపు సెంటీమీటర్లు. రాడ్‌ను బయటికి నెట్టే బలం సుమారు 39 కిలోలే. ఒక మిల్లీమీటరు కుంగడానికి 4 కిలోలు పట్టే కమాన్ కట్ట ఉన్న బండిని ఆ బలం లేపేది పది మిల్లీమీటర్లలోపే. 8 బార్ ఉండే మామూలు గ్యాస్ షాక్ అయితే అందులో మూడో వంతు.

బయట కాయిల్ స్ప్రింగు చుట్టిన షాకులు, గాలి నింపే షాకులు బండిని లేపే మాట నిజమే. కానీ అవి లేపిన బరువంతా షాక్ బ్రాకెట్ మీదికి వస్తుంది. ఊపు బలానికి తగ్గట్టు వెల్డు చేసిన ఆ రేకు బరువు మోయడానికి పెట్టింది కాదు. తుప్పు పట్టిన పాత ఛాసిస్ మీద అది బోల్టు రంధ్రం చుట్టూ ముందు చీలుతుంది, తర్వాత ఊడి వస్తుంది. బ్రాకెట్ ఫొటో చూడకుండా ఆ రెండు రకాలూ ఇక అమ్మం. వెనక భాగం కుంగితే మొదట కట్టల సంగతి చూడండి. కుడి ఎడమల ఎత్తులో 15 మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉన్నా, ఖాళీ బండిలోనే పట్టీలు వంపు లేకుండా చదునై ఉన్నా, పట్టీ విరిగి ఉన్నా షాకుల ఆలోచన పక్కన పెట్టండి. కట్టలు మార్చాక ఎత్తు మారుతుంది, ఎత్తు మారితే షాక్ పొడవు మారుతుంది. కట్టల కంటే ముందే షాకులు కొంటే ఇంకోసారి కొనాలి.

ఇక కొలతలు. బండి చదునైన నేల మీద, టైర్లలో సరైన గాలితో, మీరు రోజూ వేసే బరువుతో నిలబడి ఉండాలి. కింది బోల్టు మధ్య నుంచి పై బోల్టు మధ్య వరకు దూరం మొదటి కొలత. యాక్సిల్‌కీ దానిపైనున్న బంప్ స్టాప్ రబ్బరుకీ (యాక్సిల్ ఛాసిస్‌ను కొట్టకుండా ఆపేది) మధ్య ఖాళీ రెండోది. మూడోదానికి ఛాసిస్‌ను జాకీతో లేపి, గట్టి స్టాండ్లు పెట్టి, షాక్ కింది బోల్టు విప్పి, యాక్సిల్ పూర్తిగా వేలాడేలా వదిలి మళ్లీ బోల్టు నుంచి బోల్టుకు కొలవాలి. యాక్సిల్ దిగుతున్నప్పుడు బ్రేక్ గొట్టం సాగకుండా ఒక కన్ను దానిమీదే ఉంచండి. అది బిగుసుకుంటే అక్కడే ఆపండి, మీ బండికి అదే హద్దు.

వెనక షాక్ ఒకదానికి ఉదాహరణ ఇస్తాను. నిలబడ్డప్పుడు 430 మి.మీ. యాక్సిల్‌కీ రబ్బరుకీ మధ్య 75 మి.మీ., రబ్బరు నలిగేది ఇంకో 25, మొత్తం 100. షాక్ నిలువుకు 30 డిగ్రీలు వాలి ఉంటే, యాక్సిల్ 100 కదిలినప్పుడు షాక్ మూసుకునేది 87 మాత్రమే. 45 డిగ్రీలైతే 71. మనది 30 కాబట్టి పూర్తిగా తగిలినప్పుడు 343 మి.మీ. మిగులుతుంది. షాక్ మూసిన పొడవు అంతకంటే 10–15 మి.మీ. తక్కువ ఉండాలి, అంటే 330. వేలాడినప్పుడు 510 వచ్చిందనుకోండి, తెరిచిన పొడవు 520 చాలు. అంటే 190 మి.మీ. స్ట్రోకు (రాడ్ మొత్తం కదలిక), నిలబడ్డప్పుడు లోపలికి 100, బయటికి 90. ఇంచుమించు మధ్యలో ఉంది కాబట్టి మంచి జోడీ. వాలు కోణం కదలికతో పాటు మారుతుంది కాబట్టి ఈ లెక్క అంచనాకే. అందుకే ఆ పది పదిహేను మిల్లీమీటర్ల వెసులుబాటు.

మూసిన పొడవు ఎక్కువైతే యాక్సిల్ బంప్ స్టాప్‌కు తగిలేలోపే షాక్ పూర్తిగా మూసుకుపోతుంది. లోపల పిస్టన్ కింది వాల్వును కొడుతుంది, లేదా పై బ్రాకెట్ వంగుతుంది. తెరిచిన పొడవు తక్కువైతే గుంతలో చక్రం దిగిన ప్రతిసారీ యాక్సిల్ బరువంతా రాడ్ చివర వేలాడుతుంది. పిస్టన్ నట్టు సడలేది, రింగు వెల్డు దగ్గర తెగేది ఇలాగే. ‘పొడుగు తీసుకుంటే సేఫ్’ అనుకునేవాళ్లున్నారు. మరీ పొడుగైతే యాక్సిల్‌ను ఆపేది బ్రేక్ గొట్టమే అవుతుంది. దానికంటే షాక్ పోవడమే నయం.

మరో చిక్కుంది. మోనో ట్యూబ్‌లో గ్యాస్ గది, దాన్ని ఆయిల్ నుంచి విడదీసే తేలే పిస్టన్ కూడా పొడవులోనే ఇమడాలి. అందుకే అదే స్ట్రోకుకు మోనో ట్యూబ్ మూసిన పొడవు ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉండే రకం) కంటే ఎక్కువ వస్తుంది. కుంగిన బండిలో ట్విన్ ట్యూబ్ పట్టిన చోట మోనో ట్యూబ్ పట్టకపోవచ్చు.

బిగువు విషయంలో చాలామందితో మాకు వాదన అవుతుంది. షాక్‌కు రెండు బిగువులు: మూసుకునేటప్పటిది, తెరుచుకునేటప్పటిది. పికప్‌లలో రెండోది మొదటిదానికి సాధారణంగా రెండు మూడు రెట్లు ఉంటుంది, ఎందుకంటే నొక్కుకున్న స్ప్రింగు వెనక్కి తన్నే బలాన్ని పట్టుకోవాల్సింది అదే. ‘హెవీ డ్యూటీ’ అని రాసి ఉన్న షాకుల్లో రెండూ పెంచుతారు. బరువు వేసి తిరిగే బండికి అది సరే. ఖాళీగా తిరిగే బండికి వేస్తే, వరుసగా గతుకులు వచ్చినప్పుడు ఒక గతుకులో నొక్కుకున్న కట్ట తర్వాతి గతుకు లోపల తెరుచుకోలేదు. ఒక్కొక్క గతుక్కీ బండి ఇంకాస్త కిందికి దిగి, చివరికి రబ్బరు మీద నడుస్తుంది. నడిపేవాళ్లకు అది ‘షాకులు సరిపోలేదు’ అన్నట్టే తోస్తుంది, ఇంకా గట్టివి అడుగుతారు. నెలలో నాలుగు రోజులు మాత్రమే బరువు మోసే బండికి మామూలు బిగువు తీసుకోండి, ఆ నాలుగు రోజులు నెమ్మదిగా నడపండి. వారంలో సగం ఖాళీ, సగం బరువు అయితే బిగువు మార్చుకునే రకం ఉంది. రాంచో ఆర్ఎస్ 9000 ఎక్స్ఎల్‌లో తొమ్మిది మెట్లుంటాయి. ఆ నాబ్‌లోకి బురద చేరి బిగుసుకుపోతుంది. కడిగినప్పుడల్లా ఆ చివర నుంచి ఈ చివరకు ఓసారి తిప్పుతూ ఉండాలి. ఒకే యాక్సిల్ మీది రెండింటినీ ఒకే మెట్టులో పెట్టాలి.

ఏ రకం? గ్యాస్ లేని ట్విన్ ట్యూబ్ మట్టిదారి మీద పదేపదే ఊగితే ఆయిల్‌లో గాలి కలిసి నురగ అవుతుంది. నురగ వాల్వుల్లోంచి తేలిగ్గా జారిపోతుంది, బిగువు పోతుంది. చల్లారితే తిరిగొస్తుంది కాబట్టి షాపులో చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. ఆ రకం ఇక తెప్పించం. కేవైబీ ఎక్సెల్-జీ లాంటి గ్యాస్ ట్విన్ ట్యూబ్ చాలా పాత బండ్లకు సరిపోతుంది. మెత్తగా ఉంటుంది, బయట గొట్టానికి రాయి తగిలి చిన్న సొట్ట పడ్డా పనిచేస్తుంది. బిల్‌స్టీన్ 4600, 5100 వంటి మోనో ట్యూబ్‌లో పిస్టన్ 46 మి.మీ. 35 మి.మీ. పిస్టన్‌తో పోలిస్తే వైశాల్యం 1.7 రెట్లు. అదే బలాన్ని తక్కువ ఆయిల్ పీడనంతో ఇస్తుంది. గొట్టం నేరుగా గాలికి తగలడంతో వేడి త్వరగా పోతుంది. కానీ పిస్టన్ నడిచేది ఆ బయటి గొట్టంలోనే. సొట్ట పడితే పిస్టన్ అక్కడే పట్టేస్తుంది. రాళ్లదారిలో, షాక్ యాక్సిల్ కిందికి వేలాడే బండిలో మోనో ట్యూబ్ వద్దనే చెబుతాం, ధర ఎక్కువైనా సరే.

రింగుల్లో చిన్న తేడాలే పెద్ద గోల. రింగులో ఉండే అర అంగుళం స్లీవు (బోల్టు దూరే లోహపు గొట్టం) లోపలి వ్యాసం 12.7 మి.మీ. అందులో 12 మి.మీ. బోల్టు దూరుతుంది, బిగుస్తుంది, కానీ 0.7 మి.మీ. ఆట మిగులుతుంది. కొన్నాళ్లకు టకటకమని శబ్దం, తర్వాత బోల్టు కోసుకుపోవడం. స్లీవు వెడల్పు బ్రాకెట్ లోపలి వెడల్పు కంటే తక్కువైతే వాషర్లతో సర్దకండి, మాకు చెప్పండి. పైన రింగు బదులు మర కాడ ఉంటే కాడ పొడవు, మర వ్యాసం రెండూ కావాలి.

అసలు మీ షాకులు పోయాయో లేదో. బంపర్ నొక్కి వదిలే పరీక్ష గట్టి కట్టలున్న పికప్‌లో పెద్దగా చెప్పదు. షాక్ మీద సన్నటి ఆయిల్ తడి మామూలే. కిందికి కారి మట్టి ముద్దలా అంటుకుంటే పోయినట్టే. టైరు అక్కడక్కడ గుంతలుగా అరగడం, మలుపులో గతుకు తగిలితే వెనక భాగం పక్కకు జరగడం గుర్తులు. పది కిలోమీటర్లు గతుకుల్లో నడిపి ఆగి నాలుగింటినీ చేత్తో జాగ్రత్తగా తాకి చూడండి. మిగతావి వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ చల్లటిది పనిచేయడం లేదు. ఉత్త శబ్దం మాత్రమే అయితే ముందు బుష్‌లు (రింగుల్లోని రబ్బర్లు) చూడండి, షాక్ మంచిదే కావచ్చు. మార్చేటప్పుడు ఒక యాక్సిల్‌కు రెండూ కలిపే మార్చాలి. ఒక్క షాక్ విడిగా ఇవ్వం.

బిగింపులో జరిగే తప్పుల వల్లే వారంటీ గొడవలు ఎక్కువ. ట్విన్ ట్యూబ్‌ను నిలబెట్టి నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి తెరవాలి, పడుకోబెట్టి నిలవ ఉంచినప్పుడు లోపల చేరిన గాలి అలా పైకి పోతుంది. మోనో ట్యూబ్‌కు ఆ అవసరం లేదు. పాత బోల్టులకు ముందురోజే తుప్పు వదిలే ఆయిల్ కొట్టండి. రబ్బరు బుష్ బోల్టులను బండి వేలాడుతుండగా చివరి బిగువు బిగించకండి. అప్పుడు బిగిస్తే బండి దింపగానే రబ్బరు మెలి తిరిగి, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండి చీలుతుంది. చక్రాలు నేల మీద ఆనాక మాన్యువల్లో చెప్పిన టార్కుకు బిగించాలి. మర కాడ నట్టును రబ్బరు ఉబ్బి వాషర్ అంచుకు వచ్చేవరకే తిప్పాలి. రాడ్ తిరుగుతోందని మెరిసే భాగాన్ని ప్లయర్‌తో పట్టుకుంటే ఆ గీత సీలును కోస్తుంది. ఎయిర్ గన్‌తో కొడితే లోపలి పిస్టన్ నట్టు వదులవుతుంది. ముందు కాయిల్ స్ప్రింగుతో కలిసి వచ్చే షాక్‌ను ఇంట్లో విప్పకండి. స్ప్రింగు జారితే ప్రాణాలకే ముప్పు.

వెనక్కి తీసుకునే షరతులు కూడా మారాయి. కొత్త షాక్‌ను మూసి ఉంచే పట్టీ తెంచకుండా, స్లీవులో బోల్టు మచ్చ లేకుండా ఉంటే మార్చి ఇస్తాం. మేం అడిగిన కొలతలు మీరిచ్చి, వాటి ప్రకారం మేం పంపినది పట్టకపోతే పట్టీ తెగినా తీసుకుంటాం, రాను పోను రవాణా మాదే. రాడ్ మీద ప్లయర్ గుర్తులుంటే తీసుకోం. తీసేసిన పాత గ్యాస్ షాకులను కోయడం, వేడి చేయడం చేయకండి, పాత సామాను తీసుకునేవాళ్లకు గ్యాస్ ఉందని చెప్పి ఇవ్వండి.

ఇప్పటికే ఆర్డరిచ్చి సరుకు అందనివాళ్లకు కొలతల పట్టిక పంపుతున్నాం. అది నింపి, నాలుగు వైపులా షాక్ బ్రాకెట్ల ఫొటోలు జోడించి పంపండి. ఫొటోలో టేపు అంకెలు కనబడాలి. కొలతలు అక్కర్లేదు, కేటలాగు ప్రకారమే కావాలంటే ఆర్డరు రద్దు చేసి పూర్తి మొత్తం వాపసు చేస్తాం.