ఆదివారం మామిడి చెట్ల కింద సరస్వతి ఆకు నాట్లు

అందరికీ నమస్కారం.

ఆదివారం ఉదయం 6:30కి వెనక గోడవైపు మామిడి చెట్ల కింద సరస్వతి ఆకు నాటుతున్నాం. ఆ నీడలో గడ్డి ఎలాగూ నిలవడం లేదు. ఇదైతే కణుపు కణుపుకీ వేరు వేసుకుంటూ పాకుతుంది, ఏళ్ల తరబడి ఉంటుంది.

మడి 20 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. జానెడు దూరంలో నాటితే దాదాపు 140 పిలకలు కావాలి. కుండీల్లో పెంచుతున్నవాళ్లు వేళ్లున్న కణుపులు తెంపి, తడిగుడ్డలో చుట్టి తేండి. ఆకు చూసి మరీ తేండి: కాడ దగ్గర చీలి గుర్రపు డెక్కలా ఉంటేనే సరస్వతి. గుండ్రటి ఆకు నట్టనడుమ కాడ గొడుగులా అతికి ఉంటే అది వేరే మొక్క.

ఎ, బి బ్లాకులవాళ్లు శనివారం సాయంత్రం తుంగ తీయాలి. పైపైన పీకితే లాభం లేదు, గడ్డలతో సహా తవ్వండి. మిగిలిన గడ్డ మళ్లీ మొలుస్తుంది, అప్పుడు లాగితే సరస్వతి వేళ్లూ దానితోపాటే వచ్చేస్తాయి. మామిడి వేళ్ల మీద గునపం మాత్రం వద్దు.

సి బ్లాకు: చివికిన పశువుల ఎరువు 2 బస్తాలు, నీళ్ల పైపు.

నాటేటప్పుడు వేళ్లే మట్టిలోకి వెళ్లాలి. మొదలు పూడితే కుళ్లుతుంది. మూడు వారాలు రోజూ తడపాలి. రాలిన మామిడాకులు ఎప్పటికప్పుడు ఏరేయాలి, లేకపోతే కింద ఊపిరాడక పసుపెక్కుతుంది.

పచ్చడికి కోసుకునేవాళ్లున్నారు, అక్కడ పురుగుమందు కొట్టొద్దు.

మీ దగ్గర ఎన్ని పిలకలున్నాయో శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ పెట్టండి. తక్కువైనవి నర్సరీ నుంచి తెప్పిస్తాం.