లైసెన్స్ ఫైలు ఫోన్‌లో ఎందుకు దిగలేదంటే

మిల్లు ఓనర్లకు, ఆపరేటర్లకు నమస్కారం.

పోయిన వారం రాత్రి పదకొండింటికి మిర్యాలగూడ నుంచి ఒక ఆపరేటర్ ఫోన్ చేశాడు. ఉప్పుడు బియ్యం మిల్లు, సీజను, డ్రైయర్ నిండా వడ్లు. "అన్నా, స్క్రీన్ రెండు గంటలకోసారి ఆగిపోతోంది. డెమో అంటోంది. పైసలు కట్టినం కదా, మళ్లీ డెమో ఏంది?"

అడగాల్సిన మాటే. ఆ రోజు మధ్యాహ్నం కంప్యూటర్ మదర్‌బోర్డు కాలిపోతే మార్పించారు. మేం వేసిన స్కాడా (మిల్లు యంత్రాల పనిని కంప్యూటర్ స్క్రీన్ మీద చూపించే సాఫ్ట్‌వేర్) లైసెన్స్ ఆ బోర్డు మీది లాన్ పోర్టు మ్యాక్ నంబరుకు, అంటే ఆ పోర్టుకు మాత్రమే ఉండే గుర్తింపు నంబరుకు ముడిపడి ఉంటుంది. బోర్డుతో పాటు నంబరూ మారింది, లైసెన్స్ చెల్లక స్క్రీన్ డెమోలోకి పోయింది. ఈ సంగతి బిల్లు ఇచ్చిన రోజే చెప్పాల్సింది. చెప్పలేదు.

కొత్త లైసెన్స్ ఫైలు చేసి, మా వెబ్‌సైట్‌లో పెట్టి లింకు పంపాను. ఫోన్‌లో నొక్కితే, ఇది సురక్షితంగా దిగదని క్రోమ్ హెచ్చరించింది. వైరసేమోనని అతను వద్దనేశాడు. అతను చేసిందే రైటు. మా పేజీ హెచ్‌టీటీపీఎస్‌లో (దారిలో ఎవరూ మార్చకుండా రక్షణ ఉండే పద్ధతి) ఉంది కానీ ఫైలు లింకు ఆ రక్షణ లేని పాత హెచ్‌టీటీపీలోనే ఉండిపోయింది. ఇలాంటి డౌన్‌లోడ్‌లకు క్రోమ్ 2020 నుంచి దశలవారీగా అడ్డం పడుతోంది. ఆఫీసులో నాకూ ఆ హెచ్చరిక వచ్చేది. పర్లేదని నొక్కేసి పని చూసుకునేవాణ్ణి. తప్పు నాదే.

చివరికి వాట్సాప్‌లో పంపితే, ఓటీజీ పెన్‌డ్రైవ్‌లో (ఫోన్‌కు కూడా పెట్టగలిగేది) వేసుకుని ఎక్కించాడు. అప్పటికి రాత్రి ఒకటిన్నర దాటింది. డ్రైయర్ మాత్రం ఆగలేదు, ఎందుకంటే దాన్ని నడిపేది కంప్యూటర్ కాదు, ప్యానెల్‌లోని పీఎల్‌సీ అనే విడి కంట్రోలర్. స్క్రీన్ ఆగిన ప్రతిసారీ ఒక కుర్రాడు ప్యానెల్ దగ్గర నిలబడి, మీటర్ చూసి టెంపరేచర్ అట్టముక్క మీద రాశాడట.

ఈలోపు ఎవరో క్రాక్ వర్షన్, అంటే లైసెన్స్ లేకుండా నడిచే దొంగ కాపీ, ఇస్తామన్నారట. నీతులు చెప్పే మొహం నాకు లేదు. మొదట్లో రెండు మిల్లుల్లో మేమూ అదే వేశాం. ఆ రెండు చోట్లా తర్వాత మా ఖర్చుతోనే అసలు లైసెన్స్ పెట్టాం. కంట్రోల్ కంప్యూటర్‌కు నెట్ లేకపోయినా పెన్‌డ్రైవ్‌తో వైరస్ ఎక్కుతుందని 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్ చూపించింది. అందుకే మేమిచ్చిన పెన్‌డ్రైవే వాడమంటాం. అది పంపడంలోనూ ఆలస్యం చేశాం, ఈ నెలలో అందరికీ అందుతుంది.

లింకులన్నీ సరిచేశాం. రెండు ఫోన్లలో దించి చూశాకే ఈ మాట రాస్తున్నాను. బోర్డు గానీ లాన్ కార్డు గానీ మార్చే ముందు ఒక్క ఫోన్ కొట్టండి, ఆదివారమైనా సరే. కావాలన్నవాళ్లకు లైసెన్స్‌ను యూఎస్‌బీ డాంగిల్‌కు (పెన్‌డ్రైవ్‌లా పోర్టులో పెట్టే లైసెన్స్ తాళంచెవి) మారుస్తాం. అప్పుడు బోర్డు మారినా ఫర్వాలేదు, కానీ డాంగిల్ పోతే మళ్లీ కొనుక్కోవాల్సిందే. దాన్ని కంప్యూటర్ వెనక పోర్టులోనే పెడతాం. ముందు పెడితే ఫోన్ ఛార్జింగ్ కోసం ఎవరో ఒకరు పీకేస్తారు. ఒక చోట ఇప్పటికే పీకారు.